కొయ్యగుండీ చరిత్రము

మన మహాసభలలో దారుశిల్పమును గూర్చి ప్రసంగము వచ్చినపుడెల్ల రథములు, దేవతావాహనములు, ద్వారబంధములు స్తుతింపబడుచుండును. అది న్యాయమే. కాని తరిమెనపట్టు పనివాని పేరు ఆ స్తోత్రములలో వినబడుట అరుదు. వాని చేతినుండి వెడలు మిక్కిలి చిన్న వస్తువులలో కొయ్యగుండీ యొకటి. ఇంతటి అల్పవస్తువునకు చరిత్రమేమని కొందరు నవ్వవచ్చును. ఒక రాజ్యము దానిని నిషేధించుచు శాసనము చేసినదని విన్నచో నవ్వరనుకొందును.

బొత్తామను మాట మనకు పోర్చుగీసు భాషనుండి వచ్చినది. పూర్వము మన అంగరకాలను కట్టుత్రాళ్లతో ముడివేసికొనెడివారు.

కొయ్యగుండీకి అందము దిద్దునది తరిమెనయే. కొయ్య తిరుగుచుండగా ఉలిమొన యెచట ఆనునో అచట వలయమేర్పడును. అంచుకట్టు, నడిమిగుంట, బొడిపె, ఒకదానిలో నొకటి యిమిడిన చాళ్లు, ఇవన్నియు ఆ తిరుగుటనుండి పుట్టినవే గాని పైనుండి తెచ్చి యతికించినవి కావు. కడ్డీని అడ్డముగా కోసిన బిళ్ల మరీ పలుచనైనచో సులువుగా చీలును. బెజ్జముల చుట్టును చాలినంత కొయ్య మిగులనిచో దారపులాగుడునకు అంచు విరుగును. కావున ఈ పనిలో సొగసును బలమును ఒక్కమారే తూచుకొనవలెను.

తరిమెనవిద్యను కన్నులార చూడగోరువారు అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకకు పోవుదురు గాక. అచట అంకుడుకర్ర తిరుగుచుండగనే రంగులక్కను దానిపై అదిమిపట్టుదురు. ఒరపిడివేడికి లక్క కరగి కొయ్యను పట్టుకొనును. పిమ్మట మొగలియాకుతో నొత్తగా నిగనిగలాడును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచట పనివాని నేర్పు పైకే కనబడును, పేరు ఊరికే వచ్చును.

ఇంగ్లండులో కొయ్యగుండీకి ఈ భాగ్యము కలుగలేదు. 17వ శతాబ్దిలో అచటి సంపన్నుల కోటులకు పట్టుగుండీలుండెడివి. పేరు పట్టుదే గాని లోపలిది తరిమెనపట్టిన కొయ్యబిళ్ల. మాకిల్స్‌ఫీల్డు, లీకు పట్టణ ప్రాంతములలో స్త్రీలును పిల్లలును దానిపై పట్టుదారమును, మేకవెండ్రుకల నూలును సూదితో చుట్టి అల్లెడివారు. బిళ్ల గుబ్బగా నున్నదో చదునుగా నున్నదో దానినిబట్టియే అల్లిక తీరు కుదురును. అనగా పైమెరుగునకు రూపమిచ్చినవాడు కంటికి కనబడనివాడు.

వాడే పట్టుముసుగు లేకుండ గుండీని నునుపుగా తీర్చి అంగడికి తెచ్చుట పట్టుగుండీల వర్తకమునకు కంటగింపయ్యెను. 3వ విలియము ప్రభువు కాలమున 1698లో పుట్టిన శాసనము బట్టగుండీలతోపాటు, ఇతర గుండీలను పోలునట్లు తరిమెనపట్టిన వట్టికొయ్య గుండీలను గూడ నిషేధించినది. చేసినను, అమ్మినను, వస్త్రమునకు కుట్టినను డజనుకు 40 షిల్లింగుల దండనము! పట్టును మేకనూలును తురుష్కదేశమునుండి ఉన్నివస్త్రములకు మారుగా తెచ్చుచుండిరి. గుండీల వాడుక తగ్గినచో ఆ వ్యాపారమునకును, అల్లికపనివారి జీవనమునకును భంగమని వారి వాదము. అల్లువారి ఆకలి అబద్ధము కాదు. కాని తరిమెనవాని యాకలిని ఆ శాసనము గణించినట్లు తోచదు. తన చేతిపని పరుని పేరు క్రింద అమ్ముడుపోవచ్చును, తన పేర అమ్ముకొనరాదు!

ఇట్టి కట్టడులు ఎంతకాలము నిలుచును? 18వ శతాబ్దిలో బర్మింగుహాము లోహపుగుండీలు అంగళ్లను నింపినవి. పట్టుగుండీయు వెనుకబడెను. 20వ శతాబ్దిలో ప్లాస్టిక్కు వచ్చి తక్కినవానిని కూడ త్రోసివేసెను. ఆ కాలపు పట్టుగుండీలు కొన్ని నేటికిని నిలిచియున్నవి. దారము చివికినచోట లోపలి కొయ్యబిళ్ల బయటపడును.