పెట్టెమీది భూతము

ఆటబొమ్మకంటె నది వచ్చిన అట్టపెట్టెకు గౌరవము హెచ్చుట వింతగా దోచవచ్చును. అమెరికాదేశమున పాతబొమ్మలను సేకరించువారికిది నిత్యవ్యవహారము. 1961వ సంవత్సరమున అరోరా కంపెనీవారు వెలువరించిన ఫ్రాంకెన్‌స్టయిన్ భూతపు బొమ్మ యిందులకు దృష్టాంతము. బాలురు ప్లాస్టిక్ తునకలను జిగురుతో నతికి, రంగులు పూసి, భూతమును నిలిపిరి. పెట్టెను జించి పారవైచిరి. అందుచేతనే చెడని పెట్టె నేడు దుర్లభము.

దానిపై చిత్రమును వ్రాసినవాడు జేమ్స్ బామా (1926–2022). 1931 నాటి చలనచిత్రము నలుపుతెలుపులది. జాక్ పియర్స్ తీర్చిన వేషమునకు, బోరిస్ కార్లాఫ్ ముఖమునకు బామా వర్ణములను గల్పించెను. లోపలి బొమ్మకు రాని చూపు పైచిత్రమున గలదు. భయానకరసమునకు ఆలంబనము పెట్టెలోపల, ఉద్దీపనము పెట్టెపైన నున్నవని ఆలంకారికు లనవచ్చును.

నామవిషయమున నొకమాట. మేరీ షెల్లీ 1818లో ప్రకటించిన నవలయందు ఫ్రాంకెన్‌స్టయిన్ అనునది స్రష్ట పేరు. సృష్టికి పేరే లేదు. దశరథుని పుత్రుడు దాశరథి యైనట్లు తద్ధితప్రత్యయ మొక్కటియైనను దానికి లభింపలేదు. 1931 చిత్రారంభమున నటుల పట్టికలో భూతపాత్రకెదుట నటుని పేరునకు మారు ప్రశ్నార్థకచిహ్న ముండెను. లోకము మాత్రము స్రష్ట పేరునే సృష్టికి గట్టెను. తప్పే, కాని రూఢి బలవత్తరము, పెట్టెమీదను ఆ పేరే యచ్చుపడినది.

ఆ చిత్రములతోడనే బొమ్మలు మరల మరల వెలువడినందున, తొలిముద్రణపు పెట్టెను గుర్తించుట తాళపత్రప్రతుల తారతమ్యమును నిర్ణయించుటవలె శ్రమసాధ్యము. బామా పిదప వయోమింగునకు జేరి పశ్చిమప్రాంతపు మనుష్యుల రూపములను వ్రాసి ప్రసిద్ధుడయ్యెను. నాటి బాలురు వృద్ధులై, తాము చించిన పెట్టెనే వెదకుచున్నారు.