దెబ్బ తగలాలి, మనిషి మిగలాలి

కర్ర కత్తే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. జపాన్‌లో ఓక్ కర్రతో చెక్కే బొకుతో అనే కత్తి పుర్రె పగలగొట్టగలదు. 1612లో గన్ర్యూ ద్వీపంలో ససాకి కొజిరో అనే ఖడ్గవీరుణ్ని మరో ఖడ్గవీరుడు మియమోతో ముసాషి చంపింది కర్ర కత్తితోనేనని చెబుతారు. అలాంటిది చేతిలో ఉన్నప్పుడు తోటి శిష్యుడి మీదికి దూసిన దెబ్బను తలకు కాస్త ఎడంగానే ఆపుకోవాలి. ఆ అదుపు తప్పితే ఒక ప్రాణం పోతుంది. ఆపుకోవడమే అలవాటైతే కొట్టడం రాకుండా పోతుంది. జపాన్ కత్తిసాము గురువులు తరతరాలుగా తలపట్టుకున్న చిక్కు ఇదే.

మొదటి దారి చూపింది 16వ శతాబ్దంలో షింకగె సంప్రదాయాన్ని నెలకొల్పిన కమీఇజుమి నొబుత్సున. వెదురును సన్నగా చీల్చి తోలు సంచిలో తొడిగి, పైన లక్క పూసిన ఫుకురో షినాయ్‌ను వాడుకలోకి తెచ్చింది ఆయనేనంటారు. అది తగిలితే చురుక్కుమంటుంది కానీ ఎముక విరగదు. కొట్టిన చేయి భయపడనక్కర్లేదు. తనకంటూ పేరున్న యగ్యూ మునెయోషి 1563లో ఈయన ముందు ఓడి, ఆయనకే శిష్యుడయ్యాడు. ఇద్దరూ బతికి ఉండి ఒకరు నేర్పారు, ఇంకొకరు నేర్చుకున్నారు చూడండి, ఓటమికి అంతకంటే మంచి ఫలితం ఏముంటుంది!

తర్వాత తోకుగావా వంశం పాలించిన కాలంలో యుద్ధాలు ఆగిపోయాయి. సాధన ఎక్కువగా కతాలకే, అంటే ముందే కూర్చిన వరసలకే పరిమితమైంది. చూడ్డానికి అందంగా ఉండేవి కానీ పస తగ్గిపోయింది. అది సహించలేక 18వ శతాబ్దం తొలినాళ్లలో జికిషింకగె సంప్రదాయానికి చెందిన నగనుమ కునిసాతో అనే గురువు ముఖానికి, చేతులకు రక్షణ తొడుగులను మెరుగుపరిచి, షినాయ్‌తో నిజంగా కొట్టుకునే సాధన మొదలుపెట్టాడు. 1751-64 మధ్య హోరెకి కాలంలో ఎదో నగరంలో ఇత్తో సంప్రదాయపు గురువు నకనిషి త్సుగుతకే ఇనుప కమ్మీల ముసుగు, వెదురు ఛాతీకవచం పెట్టి అదే పద్ధతిని తన సాధనశాలలో ప్రవేశపెట్టాడు.

అందరూ మెచ్చుకోలేదు. ఆయన శిష్యుల్లో తెరదా మునెఅరి ఇది కత్తివిద్యే కాదని బయటికి వెళ్లిపోయాడు. చాలా ఏళ్లకు తిరిగొచ్చినా కర్ర కత్తితో కతాలే చేశాడు. ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. ఒంటినిండా కవచం ఉన్నవాడు ఎదుటి కత్తి అంచును లెక్కచేయడం మానేస్తాడు. అయినా నకనిషిదే సరైన దారి అని నా నమ్మకం. ఎంత కొట్టినా అవతలివాడు లేచి నిలబడి మళ్లీ ఎదురొచ్చే వీలు ఉంటే గానీ ఏ విద్యా నలుగురికీ అందదు. తర్వాతి శతాబ్దంలో ఇదే పద్ధతి నేర్పిన చిబా షూసాకు సాధనశాలకు శిష్యులు బారులు తీరారంటే అందుకే.

రక్షణ దొరికాక కొత్త పోకడలూ వచ్చాయి. 1830ల్లో యనగావా నుంచి వచ్చిన ఓయిషి సుసుము అయిదడుగులు దాటిన షినాయ్‌తో పొడుస్తూ ఎదో సాధనశాలలను గడగడలాడించాడు. అంత పొడవున్న కత్తి ఎవరు దూస్తారు? 1856లో తోకుగావా ప్రభుత్వ సైనిక విద్యాలయం కోబుషో, షినాయ్ 3 షకు 8 సున్‌లు, అంటే దాదాపు 115 సెంటీమీటర్లు దాటకూడదని హద్దు గీసింది. నేడు ఈ సాధన నుంచే పుట్టిన కెండోలో పెద్దలకు 120 సెంటీమీటర్లు హద్దు.

నేటి షినాయ్‌ను విప్పితే నాలుగు వెదురు బద్దలు కనిపిస్తాయి. పిడి లోపల గాట్లలో ఇమిడిన చిన్న లోహపు రేకు వాటిని పక్కకు జరగనివ్వదు. కొనకు తోలు టోపీ, దాని లోపల రబ్బరు ముక్క. ఆ టోపీ నుంచి పిడి దాకా బిగించి లాగిన తాడు. కొన నుంచి పావు వంతు దూరంలో ఒక తోలు పట్టీ. ఈ పట్టీ చిన్నదే కానీ వదులైతే చాలా ప్రమాదం. దెబ్బ పడినప్పుడు బద్దలు విచ్చుకుంటాయి. ముసుగులో పైనుంచి ఆరో కమ్మీకీ ఏడో కమ్మీకీ మధ్య, చూడ్డానికి వీలుగా సందు కాస్త ఎక్కువ ఉంటుంది. టోపీలోంచి జారిన బద్ద గానీ చిట్లిన వెదురు పేడు గానీ దూరేది అక్కడే, దాని వెనక ఉండేది కన్ను. అలా చూపు పోయినవాళ్లున్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. అలా పోయినవాళ్లు కవచం తొడుక్కోనివాళ్లు కారు. ఎదుటివాడి చేతిలోని వెదురు పాడైపోయింది, అంతే. అందుకే షినాయ్‌ను చూసుకోవడం అవతలి మనిషి కోసం చేసే పని. సాధనకు ముందు ఒక్కో బద్ద మీద వేలితో మెల్లగా తడమాలి. పేడు లేచిన చోట ఇసుక కాగితంతో నున్నగా రుద్దాలి. నిలువునా చీలికొస్తే ఆ బద్దను మార్చేయాలి.

1980ల్లో కార్బన్ పోగులతో చేసిన షినాయ్ వచ్చింది. దానికి వెదురులా పేళ్లు లేవవు, చాలాకాలం మన్నుతుంది. దానికీ పరీక్ష తప్పదు. పై పూత ఊడి లోపలి నల్లటి పోగు కనబడితే వెంటనే వాడకం ఆపేయాలి. వెదురులా రుద్ది సరిచేసుకునే వీలు దానికి లేదు.