ముదిమికి మొదలు ఎక్కడ?

కాజీపేట జంక్షనునుండి ఒక దారి సికింద్రాబాదుకు, ఒకటి విజయవాడకు, మరియొకటి బల్లార్షాకు పోవును. పట్టాలు ఎప్పుడును అవియే. ఏ బండి కదలవలెనో, ఏది ఆగవలెనో చెప్పునవి సిగ్నళ్లు. జీవకణములోని జన్యువుల సంగతియు ఇట్టిదే. వాటి వ్రాత మారకుండగనే పని మారు విధమును విచారించు శాస్త్రమే ఎపిజెనెటిక్స్. ఈ మాటను 1942లో వాడింగ్టన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు వాడెను. డి.ఎన్.ఎ.కు అంటుకొను మిథైల్ గుర్తులు ఇట్టి సిగ్నళ్లలో ముఖ్యమైనవి.

వీటికి ఆహారముతో సంబంధము కలదా? 1944-45 చలికాలమున హాలెండులో ఘోరమైన కరవు వచ్చెను. అప్పుడు కడుపున పడినవారిని ఆరు దశాబ్దముల పిమ్మట పరీక్షింపగా, పెరుగుదలకు సంబంధించిన ఒక జన్యువుపై ఈ గుర్తులు, కరవు తాకని తోబుట్టువులకన్న తక్కువగా నున్నట్లు 2008లో వెల్లడియైనది.

మన హైదరాబాదు సమీపముననే 1987-90 నడుమ 29 పల్లెలలో ఒక పరిశీలన జరిగెను. కొన్ని పల్లెలలో గర్భిణులకు, పసిబిడ్డలకు అదనపు ఆహారము లభించినది. ఆ బిడ్డలను 13-18 ఏండ్ల ప్రాయమున మరల చూడగా, తక్కిన పల్లెల పిల్లలకన్న సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. రక్తపోటులో భేదము లేకున్నను వారి ధమనుల బిరుసు తక్కువ; ఇన్సులిన్ మెరుగుగా పనిచేయుచుండెను. ధమనులు బిరుసెక్కుట ముదిమి లక్షణము కదా! ఇందు మిథైల్ గుర్తులను కొలువలేదు గాని, తొలినాటి తిండి దేహముపై నిలుచునని తేలినది.

2013లో హోర్వాత్ 353 చోట్ల ఈ గుర్తులను చూచి వయస్సును అంచనా కట్టెను. పొగత్రాగువారిలో ఈ లెక్క ముందునకు పోవునని తరువాతి పరిశోధనలు చూపినవి. కావున ముదిమిని గూర్చిన జాగ్రత్త తల నెరసిన పిదప కాదు, గర్భిణి కంచమువద్దనే ఆరంభము కావలెను.