కాళయుక్తి నుంచి శార్వరి దాకా

పంచాంగం లెక్కన 1918-19 కాళయుక్తి నామ సంవత్సరం. 2020-21 శార్వరి. శార్వరి అంటే రాత్రి. ఆ ఏడు ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లిన మొదటి రోజూ అదే. ఉగాది పచ్చడి తిని తలుపులు మూసుకున్నాం.

తెలుగువాళ్లం కరువులకు పేర్లు పెట్టుకున్నాం. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టినదాన్ని నందన కరువు అన్నాం. 1876లో మొదలైనదాన్ని ధాత కరువు అన్నాం. కాళయుక్తిలో వచ్చిన జ్వరం ఆ రెండింటికన్నా పెద్దది. దేశం మొత్తం మీద కోటీ ఇరవై లక్షలనుంచి కోటీ ఎనభై లక్షలదాకా చనిపోయారని అంచనాలున్నాయి. ఇప్పటి భారతదేశపు సరిహద్దుల లెక్కన 1911లో 25.21 కోట్లున్న జనం 1921 నాటికి 25.13 కోట్లయ్యారు. జనాభా లెక్కల్లో పదేళ్ల కాలంలో జనం తగ్గడం ఆ ఒక్కసారే. అయినా కరువుల పేర్లు నిలిచినట్టు ఆ జ్వరం పేరు జనం నోట నిలవలేదు. చనిపోయినవాళ్లే గుర్తులేనప్పుడు, వాళ్లకి గంజినీళ్లు తెచ్చి పోసినవాళ్లు ఏం గుర్తుంటారు?

నేను ఈ వ్యాసంలో అడగదలచుకున్నది ఆ రెండోవాళ్ల గురించే. అంటురోగం వచ్చినప్పుడు పక్కవాడికి సాయం చేసేది ఎవరు? ఏ అలవాటు కొద్దీ చేస్తారు? ఆ సాయం ఎక్కడిదాకా పోయి ఆగిపోతుంది?

మంచుదేశంలో ఒక మాట

ఈ ప్రశ్నకి దూరదేశపు ఉదాహరణ ఒకటి చెప్పి మా ఊరివైపు వస్తాను. నార్వేలో స్కీయింగ్ అంటే కొండ మీదనుంచి జారడం ఒక్కటే కాదు. పొడుగాటి పలకలు కాళ్లకి తగిలించుకుని, రెండు చేతికర్రలతో నెట్టుకుంటూ మంచు మీద మైళ్లకొద్దీ సాగిపోవడం అక్కడి పాత పద్ధతి. అది ఆటా, నడకా, రెండూను. అడవుల్లో ఆ దారులు తీర్చి ఉంచే పని చాలాచోట్ల ఊరి క్రీడాసంఘాల సభ్యులు డబ్బు తీసుకోకుండా చేస్తారు. ఇలా నలుగురూ కలిసి ఉమ్మడి పని చేసుకోవడాన్ని వాళ్లు ‘డుగ్నాడ్’ అంటారు. ఇవాళ నీ పొలం నాట్లకి నేనొస్తే రేపు నా పొలానికి నువ్వు రావడం మనకీ తెలిసిందే కదా, దానికి దగ్గరి చుట్టం ఆ మాట.

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు నార్వే ప్రధాని ఎర్నా సోల్బర్గ్ దేశాన్ని అడిగింది కూడా ఆ పేరుతోనే. ఇది మనందరి డుగ్నాడ్ అంది. ఈస్టర్ సెలవులకి కొండల్లోని చిన్న కర్ర ఇళ్లకి వెళ్లి స్కీ చేయడం అక్కడ ఇంటింటి ఆచారం. ఆ ఏడు మార్చి మధ్యనుంచి ఏప్రిల్ 20 దాకా, సొంత మునిసిపాలిటీ దాటి ఆ ఇళ్లలో రాత్రి బస చేయకూడదని ప్రభుత్వం నిషేధించింది. కారణం సులువైనదే. కొండల్లోని చిన్న ఊళ్ల ఆసుపత్రులు అక్కడి మనుషులకి సరిపోయేటన్నే. సెలవులకొచ్చిన పట్నంవాళ్లు అక్కడ జబ్బుపడితే ఊరివాళ్లకి మంచం దొరకదు. గొణుక్కున్నవాళ్లున్నా మొత్తం మీద పాటించారు. అంటే ఆ స్కీ సమాజం కొండ ఊళ్లకి చేసిన పెద్ద సాయం, వెళ్లకపోవడం.

ఇది నాకు చాలాకాలం బుర్రలో తిరిగింది. వెళ్లకపోవడం సాయం కావాలంటే, వెళ్లకుండా ఉండడానికి మనిషికి ఒక చోటుండాలి. ఆ చోట్లో బియ్యం ఉండాలి. ఆ రెండూ లేనివాళ్ల సంగతేమిటి?

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మంచు లేదు, స్కీలు లేవు. ఆటల పేరుతో చెప్పుకోవాలంటే వీరఘట్టం కోడి రామమూర్తినాయుడు పేరుంది, ఊసవానిపేటనుంచి సిడ్నీ దాకా వెళ్లి 2000లో ఒలింపిక్ కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఉంది, బరువులెత్తే పిల్లల్ని తయారుచేసే కొండవెలగాడ ఉంది. కాని దూరం పోవడం అన్నది మాకు ఆట కాదు. అది మాకు బతుకు. రంగూన్, అస్సాం తేయాకు తోటలు, ఖరగ్‌పూర్, భిలాయ్, హైదరాబాద్, చెన్నై, చివరికి గుజరాత్ సముద్రం. కళింగాంధ్ర సమాజాన్ని కలిపి ఉంచే ఉమ్మడి అనుభవం ఏదని అడిగితే వలస అనే చెబుతాను.

పొలిమేర

అంటురోగంతో మా ప్రాంతానికున్న పాత సంబంధం అమ్మవారి కథల్లో ఉంది. విజయనగరం పైడితల్లి కథ తీసుకోండి. 1757 జనవరి బొబ్బిలి యుద్ధం నాటికి రాజు విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ మశూచితో మంచాన ఉందనీ, అన్న చనిపోయిన కబురు విని ప్రాణం విడిచిందనీ, తరవాత పెద్దచెరువులో విగ్రహమై దొరికిందనీ చెప్పుకుంటారు. రోగం వచ్చి పోయిన ఆడపడుచే ఊరిని రోగంనుంచి కాచే తల్లి అయింది.

ఇలాంటి తల్లుల కొలుపుల్లో ఒక పద్ధతి ఉండేది. కలరా వచ్చినా మశూచి వచ్చినా ఊరంతా కలిసి ఘటాలెత్తి, ఊరేగించి, రోగాన్ని పొలిమేర దాటించేవారు. ఊరంతా అన్న మాట ముఖ్యం. భయపడ్డ మనుషుల్ని ఒకచోట చేర్చి ధైర్యమిచ్చే పని అది. కాని పొలిమేర అవతల ఇంకో ఊరుంటుంది కదా. లోపలివాళ్లని దగ్గర చేసిన గీతే బయటివాళ్లని దూరం పెట్టింది. 2020 ఉగాది తరవాత ఊరిదారులకి అడ్డంగా పడ్డ ముళ్లకంపలూ, వెదురుకర్రలూ చూసినప్పుడు నాకు ఆ పాత పొలిమేరే కనిపించింది.

కాళయుక్తిలో పొలిమేర పనిచేయలేదు. 1918 జూన్‌లో బొంబాయిలో మొదలైన జ్వరం సెప్టెంబరునుంచి రెండోసారి, అంతకు పదింతల కోపంతో, రైళ్ల వెంట దేశమంతా పాకింది. అప్పటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉంది, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో. మద్రాసు, కలకత్తాలకు దారితీసే రైలుమార్గం వచ్చి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది. ఆ ఏడు దేశంలో నైరుతి రుతుపవనాలు మొహం చాటేశాయి. యుద్ధం వల్ల ధరలు మండుతున్నాయి. డాక్టర్లు చాలామంది సైన్యంతో వెళ్లిపోయారు.

ఆ జ్వరం ముసలివాళ్లని వదిలి ఇరవై, నలభై మధ్య వయసువాళ్లని ఎక్కువగా పట్టుకుంది. అంటే నాగలి పట్టేవాళ్లని, పొయ్యి వెలిగించేవాళ్లని. మందు లేని ఆ రోజుల్లో మనిషి బతకడం, చావడం చాలావరకూ పక్కన ఎవరైనా కూచుని నీళ్లూ గంజీ పోయడం మీద ఆధారపడింది. ఇంట్లో అందరూ ఒకేసారి పడిపోతే ఆ నీళ్లు పోసేదెవరు? సూరత్ వైపు కల్యాణ్‌జీ, కున్వర్‌జీ మెహతా సోదరుల్లాంటి యువకులు ఊరూరా తిరిగి మందులు పంచారు. బొంబాయిలో సేవాసంఘాలు ఆసుపత్రులు నడిపాయి. సర్కారు చేయలేని పని జనం చేశారని సర్కారు నివేదికలే రాశాయి. పట్నాల్లో చేసినవాళ్ల పేర్లు కాగితానికెక్కాయి. పల్లెల్లో గంజి పోసిన ఆడవాళ్ల పేర్లు ఏ కాగితానికీ ఎక్కలేదు.

వేరావల్

శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరానికి 28. ఇంత సముద్రాన్ని ఇంటిముందు పెట్టుకుని మా మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కి కూలికి పోతారు. పెద్ద పడవలు ఆగే రేవు ఇక్కడ లేకపోవడం ఒక కారణం. పడవ యజమాని ముందుగా ఇచ్చే అడ్వాన్సు ఇంకో కారణం. ఆగస్టు వైపు వెళ్తే ఎండాకాలానికి ఇల్లు. పడవ నడిపించేవాడు తండేల్. ఏడెనిమిదిమంది కళాసీలు తరచు అతని ఊరివాళ్లో, చుట్టాలో అయివుంటారు. అందుకే తండేల్ పని చేపల దగ్గర ఆగదు. ‘మావోడు ఎలాగున్నాడు?’ అని ఇంటిదగ్గర అడిగేది అతన్నే.

2018 నవంబరులో పాకిస్తాన్ అదుపులోకి పోయిన మావాళ్లు ఇరవైమంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన గడ్డ మీద కాలుపెట్టారు. వాళ్లకోసం కార్యాలయాల చుట్టూ పదమూడు నెలలు తిరిగినవాళ్లలో ముందున్నది వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు. ఆ కథే తరవాత ‘తండేల్’ సినిమాకి ఆధారమైంది. సినిమా ముగిసిన చోట రెండో కథ మొదలైంది. ఇంకో పదకొండు వారాలకే లాక్‌డౌన్. నాలుగువేలకు పైగా ఆంధ్రా మత్స్యకారులు, ఎక్కువమంది మా ఉత్తరాంధ్రవాళ్లే, వేరావల్ రేవులో చిక్కుకున్నారు. గదులు లేవు, పడవలే ఇళ్లు. పక్కపక్కన కట్టేసిన పడవల్లో ‘దూరం పాటించండి’ అన్న మాటకి అర్థం లేదు.

అక్కడ వాళ్లని నిలబెట్టింది ఆ పడవజట్టే. ఉన్న బియ్యం కలిపి వండుకోవడం, ఫోనులో వీడియో తీసి ఊరికి పంపడం, ఊళ్లో ఆడవాళ్లు దాన్ని పట్టుకుని అధికారుల దగ్గరికీ విలేకరుల దగ్గరికీ వెళ్లడం. జనవరిలో గెలిచిన దారినే ఏప్రిల్‌లో మళ్లీ నడిచారు. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకున్నాయి. ఏప్రిల్ చివర్లో బస్సులు బయల్దేరి, రెండువేల కిలోమీటర్లకు దగ్గరదగ్గరగా ప్రయాణించి, మే మొదట్లో జిల్లాలకి చేరాయి. ఇల్లు చేరకుండానే కన్నుమూసినవాళ్లూ ఉన్నారు. వచ్చినవాళ్లు నేరుగా ఇళ్లకి పోలేదు, క్వారంటైన్‌కి పోయారు. వీధిలో ఉన్న భార్యాపిల్లల్ని చూసి కూడా దూరంగా ఆగిపోవడం నార్వేవాళ్ల డుగ్నాడ్‌కన్నా తక్కువదేమీ కాదు. రాష్ట్రంలో చిట్టచివరిగా కరోనా అడుగుపెట్టిన జిల్లా విజయనగరం, మే 7న.

రహదారి

అదే మే నెలలో జాతీయ రహదారి 16 మీద ఎదురు ప్రవాహం మొదలైంది. చెన్నైనుంచి, విజయవాడనుంచి ఒడిశా, బెంగాల్, ఝార్ఖండ్, బీహార్ కూలీలు నడుచుకుంటూ, సైకిళ్ల మీద, లారీల పైన. దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న హైదరాబాద్ పక్కన లింగంపల్లినుంచి ఝార్ఖండ్‌లోని హటియాకి వెళ్లింది. కాని రైలు దొరకనివాళ్లకి రోడ్డే దిక్కు. భోగాపురం, రణస్థలం, ఎచ్చెర్ల, నరసన్నపేట, టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం. మా రెండు జిల్లాల పొడుగునా ఆ దారి సాగుతుంది. మే 15న రాష్ట్ర హైకోర్టు నడిచిపోయేవాళ్లకి అన్నం, నీళ్లు, మరుగుదొడ్లు, అంబులెన్సులు ఏర్పాటు చేయాలనీ, హిందీలోనూ తెలుగులోనూ సమాచారం పెట్టాలనీ ఆదేశించింది.

కోర్టు చెప్పకముందే రోడ్డు పక్క ఊళ్లవాళ్లు కొందరు పులిహోర పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు పట్టుకుని నిలబడ్డారు. పాత చెప్పులు పోగుచేసి పెట్టినవాళ్లున్నారు. అన్నంకన్నా చెప్పులు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? తారురోడ్డు మీద వట్టికాళ్లతో నడిచినవాడికో, అలా నడిచి ఇంటికొచ్చిన మనిషి ఉన్న ఇంటికో వస్తుంది. దీన్ని జాలి అనడం నాకిష్టం లేదు. జాలి ఎదుటివాణ్ని వేరేవాడిగా చూస్తుంది. ఇక్కడ పనిచేసింది గుర్తుపట్టడం. మావోడు వేరావల్‌లో ఎలా ఉన్నాడో, ఈ ఒడియా కుర్రాడు ఇక్కడ అలా ఉన్నాడు.

సాయం ఆగిన చోటు

ఇంతవరకే రాసి ముగిస్తే అది అబద్ధపు చరిత్ర అవుతుంది. 2020 జూన్ 26న పలాసలో ఒక వృద్ధుడు చనిపోతే కరోనా అనుమానంతో శవాన్ని జేసీబీ తొట్టెలో పెట్టి శ్మశానానికి తీసుకుపోయారు. ఇద్దరు అధికారులు సస్పెండయ్యారు. 2021 ఏప్రిల్‌లో మందస మండలపు మహిళ ఒకరు చనిపోతే బండి దొరక్క కొడుకూ అల్లుడూ మోటార్‌సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఊరికి తీసుకెళ్లారు. బతికున్న పరాయివాడికి చెప్పులిచ్చిన రహదారి పక్కనే ఇవి జరిగాయి. పేదరికమో కాఠిన్యమో ఒక్కటే దీనికి జవాబు కాదు. బతికున్నవాడిలో మనల్ని మనం గుర్తుపట్టగలం. శవంలో రోగాన్ని మాత్రమే చూశాం. పొలిమేర మళ్లీ లేచింది.

ఆ పొలిమేర దాటినవాళ్లు కూడా ఆ పలాస చుట్టుపక్కలే ఉన్నారు. 2021 ఫిబ్రవరి 1న అడవికొత్తూరు దగ్గర పొలాల్లో దొరికిన ఒక అనాథ శవాన్ని మోయడానికి ఊళ్లో ఎవరూ రాకపోతే కాశీబుగ్గ ఎస్సై కొత్తూరు శిరీష భుజం పెట్టి గట్ల మీద కిలోమీటరుకు పైగా మోసింది. దేశమంతా ఆ వీడియో చూసింది. ఒక ఎస్సై మోయడం వార్త అయిందంటే మోయవలసిన మిగతా భుజాలు ఎక్కడున్నాయన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది.

నాకు అర్థమైనంతవరకు మా సమాజపు సాయం ఒక నియమం మీద నడుస్తుంది. తెలిసిన దారిలో ఎంత దూరమైనా వస్తుంది. వలసదారి తెలుసు కాబట్టి అక్కడ ఎవరూ పిలవకుండానే వచ్చింది. అంటురోగంతో చావు అన్న దారి మాకు తెలియదు, నిజానికి ఒకప్పుడు తెలిసి మరిచిపోయాం. కాళయుక్తిలో ఎవరు ఎవరిని మోశారో, ఎవరు ఎవరికి గంజి పోశారో చెప్పుకుని ఉంటే, శార్వరిలో కొన్ని భుజాలైనా ముందుకొచ్చేవి.

అందుకే శార్వరి తండేళ్లని, రేవులోంచి వచ్చిన వీడియోలు పట్టుకుని తిరిగిన ఆడవాళ్లని, రోడ్డు పక్క చెప్పులు పోగేసినవాళ్లని ఇప్పుడే అడిగి రాసుకోవాలి. వాళ్లలో చాలామంది ఈ ఆగస్టుకి మళ్లీ పడవెక్కుతారు.