ప్రత్యక్ష ప్రసారము – సభామర్యాద

సభయందు పలుకదగిన మాట యేది, పలుకరాని మాట యేది యను విచారము మనకు క్రొత్తది కాదు. ద్రౌపదిని సభకీడ్చిన నాడు విదుర వికర్ణులు దక్క తక్కిన పెద్దలు నోరు మెదపకుండిరని సభాపర్వము చెప్పుచున్నది. ఆ యకార్యమును కన్నులార చూచినవారు సభాసదులు మాత్రమే. నేటి శాసనసభల తీరు అట్టిది కాదు. కోట్లకొలది జనులు తమ యిండ్ల గూర్చుండి, జరుగుచున్నదానిని జరుగుచుండగనే చూచుచున్నారు. ఇందువలన మర్యాదారక్షణ మెట్లు మారెనో పాఠకులకు సంగ్రహముగా విన్నవింతును.

లోక్‌సభ నియమావళిలో 380వ నియమము ప్రకారము పరువునష్టము కలిగించునవి, అసభ్యములు, సభకు తగనివి, గౌరవహీనములు నగు మాటలను రికార్డునుండి తొలగింప నాజ్ఞాపించుటకు సభాపతికి అధికారము కలదు. తొలగించిన చోట నక్షత్రపు గుర్తులుంచుట 381వ నియమము. గ్రామలెక్కలు వ్రాయువారికి ఈ పద్ధతి సులభముగనే బోధపడును. అయినను భేద మొకటి యున్నది. పహాణీలో తప్పుపడిన పంక్తిని కొట్టివేసి ప్రక్కన సంతకము చేసినచో, క్రింది యంకె కనబడుచునే యుండును. సభారికార్డులో తొలగించిన మాట ఇక నెవ్వరికిని కనబడదు.

వార్తాపత్రికల కాలములో ఈ కట్టుబాటు చక్కగ సాగినది. 1957లో బీహారు శాసనసభలో సభాపతి తొలగించిన ప్రసంగభాగమును పాట్నాలోని సర్చ్‌లైట్ పత్రిక ప్రకటించెను. వివాదము సుప్రీంకోర్టు వరకు పోయెను. 1958 డిసెంబరులో అధికసంఖ్యాక న్యాయమూర్తులు సభాహక్కు పక్షమున తీర్పుచెప్పిరి. దానితో ఏకీభవింపక, పత్రికాస్వాతంత్ర్య పక్షమున భిన్నాభిప్రాయము వ్రాసినవారు రాజమహేంద్రవరవాసి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రథమ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. ఇది తెలుగువారు స్మరింపదగిన విషయము.

పత్రిక మరునాడు వెలువడును. ఆలోపల సంపాదకుడు పరికించి అనుచితమగు పదమును విడువగలడు. ప్రత్యక్ష ప్రసారమున కట్టి వ్యవధి లేదు. 1989 డిసెంబరులో రాష్ట్రపతి ప్రసంగము ప్రప్రథమముగా ప్రత్యక్షముగా ప్రసారమయ్యెను. అటుపిమ్మట ప్రశ్నోత్తరముల సమయము, 2004 డిసెంబరులో ఉభయసభలకు ప్రత్యేక ఛానళ్లు, 2006లో లోక్‌సభ టీవీ వచ్చినవి. 2021లో రెండు సభల ఛానళ్లు కలిసి సంసద్ టీవీ యైనవి. సభాపతి ‘తొలగింపుడు’ అనునప్పటికి ఆ మాట దేశమంతటను వినబడియే యుండును. కాగితముపై నక్షత్రపు గుర్తు పడును గాని, విన్న చెవికి గుర్తు పెట్టువారెవ్వరు?

ఇంగ్లాండులో 1989 నవంబరునుండి కామన్స్ సభను ప్రసారము చేయసాగినపుడు, అల్లరి చెలరేగినచో కెమెరాను స్పీకరువైపు త్రిప్పవలెనను నియమ మేర్పడెను. అమెరికాలో 2004లో ఒక ఫుట్‌బాల్ పోటీ విరామమునందలి గానప్రదర్శనలో అసభ్యదృశ్యము ప్రత్యక్షముగా ప్రసారమైన పిదప, అట్టి వేడుకలను కొంత ఆలస్యముగా ప్రసారము చేయు పద్ధతి బలపడెను. మన దేశమున కేబుల్ టెలివిజన్ నియమములు సదభిరుచికి, సభ్యతకు విరుద్ధమగు కార్యక్రమములను నిషేధించుచున్నవి. ఈ యుపాయములన్నియు ప్రసారమునకు కళ్లెము వేయునవియే. సభ్యుని నాలుకకు కళ్లెము వేయజాలవు. ఆ సంగతి గ్రహించియే కాబోలు, అమలాపురమునుండి లోక్‌సభకు వెళ్లి సభాపతియైన జి.ఎం.సి. బాలయోగిగారు 2001 నవంబరులో చట్టసభల క్రమశిక్షణ, మర్యాదలను గూర్చి ఢిల్లీలో అఖిలభారత సమావేశము జరిపించిరి.

తెలుగువారికి ఈ ప్రశ్న మిక్కిలి తీవ్రముగా ఎదురైనది 2014 ఫిబ్రవరిలో. 13వ తేదీన రాష్ట్ర పునర్విభజన బిల్లును ప్రవేశపెట్టు సమయమున లోక్‌సభలో పెప్పర్ స్ప్రే ప్రయోగింపబడెను. సభ్యులు కన్నులు మండి దగ్గుచు బయటకు పరుగెత్తిన దృశ్యములు వార్తలలో చూచి, విభజన కోరినవారును వలదన్నవారును సిగ్గుపడిరి. 18వ తేదీన ఆ బిల్లు చర్చకు వచ్చినపుడు ప్రత్యక్ష ప్రసారము ఆగిపోయెను. సాంకేతిక లోపమని కారణము చెప్పిరి. తెర తిరిగి వెలుగునప్పటికి మూజువాణి వోటుతో బిల్లు ఆమోదము పొందియుండెను. 20వ తేదీన రాజ్యసభయు ఆమోదించగా, జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మవతరించినది. మెదకు లోక్‌సభ స్థానములోని మన ప్రాంతమువారు ఏండ్ల తరబడి యెదురుచూచిన ఘట్టమది. ఫలితమును వినగలిగిరి గాని, కార్యమును కనలేకపోయిరి. బిల్లును వ్యతిరేకించినవారికిని తమ ప్రతినిధులు ఏమి చేసిరో చూచు భాగ్యము లేకపోయెను.

కావున రెండు విషయములను వేరుచేసి చూడవలెను. బూతుమాటను, పసిపిల్లలు చూడరాని హింసను మరుగుపరచుట మర్యాద. ప్రజల భవితవ్యమును నిర్ణయించు కార్యమును మరుగుపరచుట, కారణమేదైనను, ప్రజలకు నష్టము. మొదటిదాని పేరిట రెండవది జరుగకుండ చూచుట వోటరుల ధర్మము. సత్యధర్మములకు సభలో హాని కలుగుచుండగా, వారింప సమర్థులయ్యు ఉపేక్షించినవారికే చేటని తిక్కన సోమయాజి ఉద్యోగపర్వమున శ్రీకృష్ణునిచే పలికించినాడు. నేడు తెరముందు కూర్చున్న మనమును సభాసదులమే గదా!

సుల్తాన్‌పూర్ యువకులు పగలెల్ల కర్మాగారములలో శ్రమించి, రాత్రి తెరపై వాగ్వాదములను చూచుచున్నారు. చూచినదానిని మరునాడు గ్రంథాలయమున పత్రికతోను, చట్టముతోను సరిపోల్చుకొను నలవాటు వారికి కలుగవలెను. ఆ యలవాటును పెంపొందించుచు మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక!