విశాఖ వాకిట్లో డిక్కీ ఉన్న కారు

సెకండ్ హ్యాండ్ కారు కొత్తదానికన్నా ఎక్కువ ధర పలికిన రోజులు ఈ దేశంలో ఉండేవి. 1960లలో విశాఖపట్నంలో ఒక డాక్టరో, ఓడల సరుకు ఎత్తి దించే కాంట్రాక్టరో, షిప్‌యార్డు ఇంజనీరో ఫియట్ కొనాలంటే చేతిలో డబ్బుంటే సరిపోదు. పేరు రాయించుకోవాలి, డిపాజిట్టు కట్టాలి, ఆపైన ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. ఆగలేనివాళ్లు, తమకన్నా ముందు వంతు వచ్చినవాళ్ల దగ్గర పైన ఇంకొంత ఇచ్చి కొనుక్కునేవాళ్లు. కొత్తదా, పాతదా అన్న ప్రశ్నకు జవాబు కొనేవాడి జేబులో కాక క్యూలో ఉండేది.

దీనికి మూలం 1953 నాటి టారిఫ్ కమిషన్ నివేదిక. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే కంపెనీలకు చోటు లేదని, కారును దేశంలోనే తయారుచేసే పథకం ఉన్నవాళ్లే నిలవాలని ప్రభుత్వం తేల్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ మరుసటి ఏడాదికల్లా మూటాముల్లే సర్దుకున్నాయి. కార్ల తయారీలో చెప్పుకోదగ్గవి మూడు మిగిలాయి: కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్. ఎన్ని చేయాలో లైసెన్సు చెప్పేది, ఎంతకు అమ్మాలో సర్కారు చెప్పేది. 1959లో వచ్చిన కార్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు కొన్న రెండేళ్లలోపు అనుమతి లేకుండా బండిని మరొకరికి అమ్మకూడదని కట్టడి చేసింది. గుమ్మం దాటగానే లాభానికి అమ్ముకునేవాళ్లు లేకపోతే అలాంటి నిషేధం అవసరమే పడదు. ధరల తగాదా చివరికి సుప్రీంకోర్టుకెక్కింది. కారుకు న్యాయమైన ధర ఎంతో 1971లో న్యాయమూర్తులు కూర్చుని తేల్చాల్సి వచ్చింది.

ఈ కరువులో విశాఖ పరిస్థితి మరీ చిత్రం. 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1941లో సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి పునాదిరాయి పడింది. అక్కడ కట్టిన ఎనిమిది వేల టన్నుల ‘జల ఉష’ను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి దించారు. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. ఓడలు కట్టే ఊరు, పెట్రోలు తన పెరట్లోనే తీసే ఊరు, ఇంటికో కారు కోసం మాత్రం ఉత్తరపారా వైపో కుర్లా వైపో చూస్తూ కూర్చుంది.

అంబాసిడరా, ఫియటా? ఆనాటి ఎంపికంతా ఈ రెండు మాటల్లోనే. స్టాండర్డ్ హెరాల్డ్ ముచ్చటగా ఉండేది గానీ మొదట్లో దానికి రెండే తలుపులు. ముసలమ్మను వెనక సీట్లో ఎక్కించాలంటే ముందు సీటు మడవాలి. ఉమ్మడి కుటుంబానికి అది కుదరని పని. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో 1950ల చివర మొదలైన అంబాసిడర్‌కు ముందూ వెనకా బల్లలాంటి సీట్లు, వెనక కమాను పట్టీలు, 1489 సీసీ ఇంజను. పిల్లలతో కలిపి ఎనిమిది మందిని, డిక్కీలో పరుపుచుట్టలను వేసుకుని అన్నవరం వెళ్లి రావచ్చు. అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు పోతే రేడియేటరు మరిగి ఆగినా, నీళ్లు పోసి చల్లబరిస్తే మళ్లీ కదిలేది. ఫియట్ మాత్రం సొంతంగా నడుపుకునేవాళ్ల బండి. చిన్న ఇంజను, కాస్త మెరుగైన మైలేజీ, పాత పోస్టాఫీసు వైపు ఇరుకు సందుల్లో తేలిగ్గా తిరిగే ఒళ్లు. 1974లో దానికి ప్రీమియర్ పద్మిని అని పేరు మారినా జనం నోట్లో ఫియట్‌గానే ఉండిపోయింది.

ఇక్కడొక కొసరు ముచ్చట. పద్మిని పొడవు నాలుగు మీటర్ల లోపే, ఇంజను 1089 సీసీ. ఇవాళ్టి జీఎస్టీ లెక్కలో అది చిన్న కారు కింద 18 శాతం పన్నుతో గట్టెక్కేది. 4.3 మీటర్ల అంబాసిడర్ మాత్రం 40 శాతం గదిలో పడేది. యాభై ఏళ్ల కిందట పక్కపక్కనే నిలబడి పోటీపడిన రెండు బండ్లను నేటి పన్ను చట్టం రెండు వేర్వేరు లోకాల్లో పడేస్తుంది.

బండి ఇంటికి వచ్చాక అసలు శత్రువు సముద్రం. ఉప్పుగాలికి రేకు ముందు లోపలి నుంచి తినుకుపోతుంది. తలుపుల అడుగు, కాళ్ల కింది ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట, చక్రాల పైవంపుల లోపలి అంచు: విశాఖ టింకరింగ్ షెడ్లకు ఏళ్ల తరబడి అన్నం పెట్టింది ఈ నాలుగు చోట్లే. దానికి తోడు రేవులో దించే బొగ్గు, ఎగుమతయ్యే ఇనుప ఖనిజం ధూళి. పాతనగరం, కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం వైపు ఆరుబయట నిలిపిన కారు రంగు పొద్దున్నే తుడిస్తే తప్ప తెలియదు. అందుకే తెలిసిన మెకానిక్కులు బండి చూడటానికి వస్తే ముందు బానెట్ తెరవరు. కింద చాప పరుచుకుని పడుకుంటారు.

ఊరి పేరు మాత్రం ఉక్కు నగరం. 1966లో ఉక్కు కర్మాగారం కోసం జరిగిన పోరాటంలో ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అయితే ఇక్కడ తయారయ్యేవి కడ్డీలు, వైర్ రాడ్లు, రౌండ్లు, స్ట్రక్చరల్స్. కారు బాడీకి కావలసిన పలుచని రేకు ఇక్కడ రాదు. విశాఖ ఉక్కు కారులో ఉంటే గింటే ఏ బోల్టుగానో, స్ప్రింగుగానో, ఇరుసుగానో ఉండాలి తప్ప బాడీగా కాదు. కర్మాగారం ఊరికి కారు ఇవ్వలేదు గానీ కారు కొనేవాళ్లను ఇచ్చింది, ఈ కథకు కావలసింది అదే. నెల తిరిగేసరికి తప్పకుండా వచ్చే జీతం, బ్యాంకు నమ్మే శాలరీ స్లిప్పు, నగరం నడిబొడ్డుకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉక్కునగరం క్వార్టర్సు. స్కూటరు మీద నలుగురు పెళ్లికి వెళ్లలేని దూరం అది.

అప్పటికే దేశంలో గాలి మారుతోంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1984లో హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సాను, 1985లో ప్రీమియర్ 118 ఎన్ఈని దించాయి. రెండూ విదేశాల్లో పాతబడ్డ డిజైన్లే. 1990లో వచ్చిన మారుతి 1000 మాత్రం డిక్కీ ఉన్న కారును, అంటే సెడాన్‌ను, మధ్యతరగతి కలలోకి తెచ్చింది. 970 సీసీ ఇంజను ఆ బాడీని లాగలేక ఆయాసపడేది. అయినా జనం ఎగబడ్డారు. ఎవరికి ఇవ్వాలో లాటరీ తీయాల్సి వచ్చింది. పాత రోగం చివరిసారి తిరగబెట్టింది అప్పుడే. 1993లో కార్ల తయారీకి లైసెన్సు ఎత్తేశాక వరస కట్టి వచ్చాయి: 1994లో ఎస్టీమ్, 1995లో దేవూ సియెలో, ఆ తర్వాత ఓపెల్ ఆస్ట్రా, ఫోర్డ్ ఎస్కార్ట్, 1998లో హోండా సిటీ, 1999లో హ్యుందాయ్ యాక్సెంట్, ఫోర్డ్ ఐకాన్. కొనేవాడు షోరూమ్‌లో కూర్చుంటే కాఫీ ఇచ్చే రోజులు అలా వచ్చాయి. పాత కారు ధర కొత్తదానికన్నా కిందికి, ఉండవలసిన చోటికి దిగింది.

విశాఖలో పాత కార్ల బజారుకు చాలా ఊళ్లకు లేని ఒక సౌకర్యం ఉంది. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఇక్కడిదే. నేవీ అధికారికి సీఎస్‌డీ క్యాంటీన్ ద్వారా కొత్త కారు పన్ను రాయితీతో వస్తుంది. రెండు మూడేళ్లకు బదిలీ వస్తుంది. కొచ్చిలోనో ముంబైలోనో కొన్న కారు ఆయన వెంట వచ్చి, ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు ఇక్కడే అమ్ముడవుతుంది. పోర్టు, రైల్వే, రిఫైనరీ, ఉక్కు కర్మాగారాల బదిలీలు, పదవీ విరమణలు సరేసరి. అందుకే ఊళ్లో ఒకే ఓనరు చేతిలో తిరిగిన, సర్వీసు పుస్తకం సరిగ్గా ఉన్న సెడాన్లు దొరికేవి. ‘డాక్టర్ గారి బండి’ అని బ్రోకర్లు చెప్పే మాటకు కేజీహెచ్ ఆసుపత్రి ఉన్న ఊళ్లో ఎంత విలువుందో, ‘నేవీ వాళ్ల బండి’ అన్న మాటకూ అంతే. తిరకాసల్లా కాగితాల్లోనే: పాత రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు కట్టాలి, అక్కడ కట్టినదాన్ని వాపసు కోసం వెంటపడాలి. ఇలా బదిలీల మీద తిరిగేవాళ్ల కోసమే 2021లో కేంద్రం బీహెచ్ సిరీస్ నంబరు తెచ్చింది.

నంబరు పలక చదవడం కూడా ఒక విద్యగా ఉండేది. ఏపీ 31 అంటే విశాఖ. ఉప్పుగాలిలో పెరిగిన బండి, కిందికి వంగి చూడాలి. ఏపీ 02 అంటే అనంతపురం. పొడి నేల, తుప్పు భయం తక్కువ. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒక్కటే సిరీస్ కావడంతో ఆ ఆనవాలు పోయింది. ఇప్పుడు ఆర్సీలో చిరునామా చూడాలి.

కొత్తదైనా పాతదైనా మొదటి మజిలీ మాత్రం మారలేదు. ఆశీలుమెట్టలో సంపత్ వినాయకుడి గుడి ముందు బండి ఆగాలి, చక్రాల కింద నిమ్మకాయలు నలగాలి. 1971 యుద్ధవేళ వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఈ గుడిలో 1001 కొబ్బరికాయలు కొట్టించారని ఊరంతా చెప్పుకుంటుంది. గుడి ముందు వరసలో షోరూమ్ రిబ్బను విప్పని కారూ, మూడో ఓనరు చేతికొచ్చిన కారూ పక్కపక్కనే నిలబడతాయి. పూజారి ఆర్సీ అడగడు.

కొత్త కంపెనీలను నమ్మినవాళ్లలో కొందరు మాత్రం దెబ్బతిన్నారు. సియెలోకు బుకింగులు వెల్లువలా వచ్చాయి. 2000ల మొదట్లోనే దేవూ మూతపడింది. జనరల్ మోటార్స్ 2017తో దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో తయారీ మానేసింది. బండి బాగానే నడుస్తున్నా హెడ్‌లైటు పగిలితే ఎక్కడ దొరుకుతుందన్న బెంగ ఒక్కటే దాని రీసేల్ ధరను పడగొడుతుంది. అంబాసిడర్ 2014 మేలో ఆగిపోయినా ఈ బెంగ దానికి అంతగా లేకపోయింది; దశాబ్దాల పాటు ఒకే అచ్చులో తయారైన బండికి సామాను గాజువాక ఆటోనగర్‌లోనో మరోచోటో దొరక్కపోదు.

2006 బడ్జెట్ ఇంకో మలుపు. నాలుగు మీటర్ల లోపు, చిన్న ఇంజను కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గింది. కంపెనీలు వెంటనే కొలబద్ద తీశాయి. ఇండిగో సీఎస్, ఆ తర్వాత కుదించిన డిజైర్ వచ్చాయి. వెనక డిక్కీని కోసి అతికించినట్టుండే ఆ ఆకారం మీద ఎవరి అభిప్రాయం వారిది. అందం గురించి మాట్లాడకపోవడమే మర్యాద. ట్యాక్సీవాళ్లకు మాత్రం అవి కామధేనువులయ్యాయి. పసుపు పలక మీద లక్షల కిలోమీటర్లు తిరిగి, తెల్ల పలకకు మారి అమ్మకానికొచ్చే బండ్ల సమస్య అక్కడి నుంచే పెరిగింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలికి ఊళ్లో చెట్లు నేలకొరిగాయి. వాటి కింద కార్లు నలిగాయి. పాత కారు చూసేటప్పుడు ఇన్సూరెన్సు క్లెయిముల చరిత్ర అడగాలన్న జాగ్రత్త విశాఖవాసులకు ఆ ఏడాది నేర్పినంతగా మరేదీ నేర్పలేదు.

ఆ తర్వాత సెడాన్‌కు ఎదురుగాలి వీచింది. 2015లో క్రెటా వచ్చాక కుటుంబాల చూపు ఎత్తైన బండి మీద పడింది. వానాకాలం నీళ్లు నిలిచే రోడ్లు, లెక్కకు మించిన స్పీడు బ్రేకర్లు ఉన్న చోట ఆ మోజును తప్పు పట్టలేం. ఆంధ్రప్రదేశ్ సొంత కార్ల కర్మాగారం, పెనుకొండ దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా, ఇక్కడి మార్కెట్‌కు సెల్టోస్‌తో మొదలుపెట్టింది తప్ప సెడాన్‌తో కాదు. వెంటో, రాపిడ్ పోయాయి, ఎటియోస్ పోయింది, 2025లో సియాజ్ ఆగింది. మధ్యస్థాయిలో సిటీ, వెర్నా, స్లావియా, వర్టస్ నిలిచాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ 40 శాతం. పాత పన్ను, సెస్సు కలిపి ఉన్నదానికన్నా తక్కువే గానీ, 18 శాతానికి దిగిన చిన్న కార్లతో దూరం పెరిగింది.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే విశాఖలో సెడాన్ కావాలనుకునే కుటుంబానికి ఇవాళ పాతదే మేలైన బేరం. అందరూ ఎత్తైన బండ్ల వెంటపడటంతో మూడు నుంచి ఐదేళ్ల వయసున్న, ఒకే ఓనరు చేతిలో ఉన్న సిటీయో వెర్నాయో గీచి గీచి బేరమాడి తెచ్చుకోవచ్చు. అడుగు భాగం లిఫ్టు మీద ఎత్తించి చూడాలి. పరివాహన్ సైటులో హైపోథికేషన్, చలానాలు సరిచూడాలి. బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. డీలరు దగ్గర కొంటే 18 శాతం జీఎస్టీ అతని లాభం మీదే తప్ప మొత్తం ధర మీద కాదని గుర్తుంచుకోవాలి. ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు పైగా తిరుగుతూ, పదేళ్లు అదే బండి ఉంచుకునేవాళ్లు మాత్రం కొత్తదే కొనుక్కోవాలి. అదీ డెలివరీ రోజే అడుగున తుప్పు నివారణ పూత వేయించుకుని.