నిషేధము, నింద, ఆరాధన: కోటప్పకొండ గొల్లభామ కథయు, ఆధునిక భయచిత్రములపై ప్రేక్షకాభిప్రాయములును

మన విశ్వవిద్యాలయములలో జానపద విజ్ఞాన పరిశోధన మొదట గేయమును, గాథను, సామెతను ఆశ్రయించి సాగినది. ఆచార్య బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపదగేయ సాహిత్యము' 1958లో వెలువడిన పిమ్మట ఆ మార్గము రాజమార్గమైనది. పాడినవాని పాటను, చెప్పినవాని కథను సేకరించి, పాఠాంతరములను పోల్చి చూచుటయందు మనకు మంచి నేర్పు అలవడినది. కాని వినినవాడేమనెను అను ప్రశ్నకు అంతటి స్థానము లభింపలేదు. కథ ముగిసిన వెంటనే 'అదెట్లగును?' అని అడిగినవాని మాట సేకర్త పుస్తకమున కెక్కుట అరుదు. ఐతిహ్యమునకు జీవము ఆ మాటయందే కలదని మా అభిప్రాయము. దీనిని నిరూపించుటకు ఒక స్థలకథను, ఆధునికైతిహ్యములపై నిర్మింపబడిన రెండు చలనచిత్రములను, ఆ చిత్రములను గూర్చి ప్రేక్షకులు వెలిబుచ్చిన అభిప్రాయములను ఒక్కచోట నుంచి పరిశీలింతుము. వీనిని కలుపు సూత్రమొక్కటే: వెనుదిరిగి చూచుట.

పల్నాటిసీమలో నరసరావుపేటకు చేరువనున్న కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి క్షేత్రము. చిరకాలము గుంటూరు జిల్లాలో నుండి, 2022 ఏప్రిలులో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. బ్రహ్మ, విష్ణు, రుద్ర నామములు గల మూడు శిఖరములుండుటచే దీనికి త్రికూటమని పేరు. ఏ దిక్కునుండి చూచినను మూడు శిఖరములును కానవచ్చునని జనశ్రుతి. పాత కోటేశ్వరాలయము రుద్రశిఖరమున కలదు. నేడు మహాజనులు దర్శించు ఆలయము బ్రహ్మశిఖరమున కలదు. స్వామి మీదినుండి క్రిందికేల దిగెను? దిగినవాడు నేలవఱకు రాక నడుమనేల నిలిచెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానముగా పుట్టినదే గొల్లభామ కథ.

ఆనందవల్లి గొల్లవారి పడుచు. దినదినము కొండనెక్కి జంగమరూపమున నున్న శివుని సేవించెడిది. ఆమె భక్తిని పరీక్షింపనెంచిన జంగమదేవర అవివాహితయగు ఆమెను గర్భవతిని గావించెను. ఆమె నిండు చూలాలయ్యును సేవ మానలేదు. ఆమె శ్రమకు కరగి, తానే క్రిందికి దిగి వచ్చెదననియు, ముందు నడువుమనియు, ఎట్టి పరిస్థితియందును వెనుదిరిగి చూడవలదనియు ఆనతిచ్చెను. బ్రహ్మశిఖరము చేరునప్పటికి ఆమె వెనుదిరిగి చూచినది. స్వామి అచ్చటనే గుహ ప్రవేశించి లింగమయ్యెను. ఆమె శిలయైనదని కొందఱు చెప్పుదురు. శివునియందు లీనమైనదని మఱికొందఱందురు.

నిషేధమును మీఱి వెనుకకు చూచుట లోకవ్యాప్తమైన కథాంశము. స్టిత్ థాంసన్ తన కథాంశసూచికలో దీనికి సి 331 అను సంఖ్య నొసగెను. గ్రీకుల కథలో ఆర్ఫియసు వెనుదిరిగి భార్యను రెండవమాఱు కోల్పోయెను. బైబిలులో లోతు భార్య ఉప్పుస్తంభమైనది. మనకు మిక్కిలి చేరువైనది ఓఢ్రదేశమందలి సాక్షిగోపాలుని కథ. బ్రాహ్మణ యువకునికి సాక్ష్యము చెప్పుటకై గోపాలుడు అతని వెంట నడచి వచ్చును. అందెల సవ్వడి వినబడకపోవుటచే యువకుడు వెనుకకు చూడగా విగ్రహము అచ్చటనే నిలిచిపోవును. ఐనను సాక్ష్యము చెల్లినది, పెండ్లి జరిగినది, వెనుదిరిగినవానికి ఏ కీడును మూడలేదు. నిషేధమొక్కటియే, ఉల్లంఘనమొక్కటియే. కాని అచ్చట యువకుడు ఇంటివాడయ్యెను. ఇచ్చట గొల్లపడుచు, ఒక పాఠము ననుసరించి, శిలయయ్యెను. ఈ భేదమును శ్రోతలు గమనింపకుందురా?

ఆనందవల్లి ఏల వెనుదిరిగినది? భయముచేతనా, అనుమానముచేతనా, వెంట వచ్చువాడు అలసెనేమో యను కనికరముచేతనా? కథ దీనికి ఒక్క సమాధానమును నియమింపదు. దానిని శ్రోతలకు విడిచిపెట్టినది. ఆమె శిలయైనదను పాఠములో శిక్ష కలదు. లీనమైనదను పాఠములో అనుగ్రహము కలదు. ఈ రెండు పాఠములను నకలు దోషములుగా గాని, మఱపువలన కలిగిన మార్పులుగా గాని భావింపరాదు. ఇవి రెండు తీర్పులు. ఒక కన్నెపై లోకము వేయదగిన నిందను దైవమే కల్పించి, పిదప ఆమె ఒక్క చూపును తప్పుగా నెంచుట న్యాయమా యను వాదమునకు ఇవి రెండు పక్షముల ముగింపులు. కొండదారిలో గొల్లభామకు గుడి కలదు. మెట్లెక్కి పోవువారు స్వామికంటె ముందుగా ఆమెను దర్శింతురు. వాదమెట్లున్నను ఆచారము మాత్రము ఆమె పక్షముననే నిలిచినది.

మహాశివరాత్రి తిరునాళ్ళకు పరిసర గ్రామములవారు 60 అడుగులకు మించిన ప్రభలను కట్టి కొండక్రిందికి తెత్తురు. విద్యుద్దీపములతో వెలుగు ఈ ప్రభల ముందు రాత్రి పొడుగున ఆటపాటలు జరుగును. వానిలో చలనచిత్రగీతములది పెద్దపాలు. స్థలకథను నమ్మి కొండనెక్కిన భక్తుడే దిగివచ్చి ప్రభముందు ప్రేక్షకుడగుచున్నాడు. జానపద శ్రోత వేఱు, చిత్రప్రేక్షకుడు వేఱను విభజన మన గ్రంథములలో కలదు గాని ఈ తిరునాళ్ళలో కానరాదు. కావున గొల్లభామ కథను వినినవాడు చిత్రశాలలో నేమనునో విచారించుట అప్రస్తుతము కాదు.

ఇక ఆధునికైతిహ్యమును చూతము. 1990 ప్రాంతమున తెలుగునాట అనేక గ్రామములలో, పట్టణపు వీథులలో, ఇండ్ల తలుపులపై 'ఓ స్త్రీ రేపు రా' అను వ్రాత కనబడినది. రాత్రివేళ ఒక స్త్రీరూపము వచ్చి, తెలిసినవారి గొంతుతో పిలుచుననియు, తలుపు తీసినవారికి చావు తప్పదనియు, ఈ వ్రాతను చదివినచో మఱునాడు వత్తునని మరలిపోవుననియు ప్రచారము. కన్నడదేశమున, ముఖ్యముగా బెంగళూరులో, 'నాళె బా' అను వ్రాత ఇట్టిదే. కన్నడ వ్రాతలో సంబోధనము లేదు, తెలుగువ్రాతలో కలదు. దయ్యమా, పిశాచమా యని పిలువక 'ఓ స్త్రీ' యని తత్సమపదముతో గౌరవముగా సంబోధించుట గమనింపదగినది. 'రాకు' అనలేదు, 'రేపు రా' అన్నారు. అప్పులవానికి, ముష్టివానికి మన ఇండ్లలో చెప్పు సమాధానమిదియే. కొట్లలో వ్రేలాడు 'అప్పు రేపు' అను పలకయందలి తర్కమును ఇదియే. రేపు ఎన్నడును రాదు. ఐనను ఎవరిని కాదన్నట్లును కాదు. మృత్యువును సైతము మర్యాద తప్పక వాయిదా వేయు ఈ వాక్యము ఎవరో కవి కట్టినది కాదు, లోకము కట్టినది.

వ్రాసినవారందఱును నమ్మిరా? నమ్మినవారు వ్రాసిరి, నమ్మనివారు పిల్లల తృప్తికై వ్రాసిరి, పరిహాసమునకై వ్రాసినవారును లేకపోలేదు. తలుపుపై వ్రాత మాత్రమొక్కటియే. లిండా డేగ్, ఆండ్రూ వాజొన్యి అను పండితులు 1983లో ఐతిహ్యము చెప్పబడుటయే కాక ఆచరింపబడునని ప్రతిపాదించిరి. ఐతిహ్యము నమ్మకమును గూర్చిన వాదమనియు, నమ్మువాడెంత అవసరమో శంకించువాడును అంత అవసరమనియు డేగ్ పండితురాలి సిద్ధాంతము. మన తలుపుల వ్రాత ఈ సిద్ధాంతమునకు చక్కని లక్ష్యము.

ఇట్టి ఐతిహ్యములను పాశ్చాత్య చలనచిత్రము ఎట్లు స్వీకరించినదో 1998లో వెలువడిన 'అర్బన్ లెజెండ్' తెలుపును. జేమీ బ్లాంక్స్ దర్శకుడు. యౌవనులను ఒక్కొక్కరిగా వధించు హంతకుని కథలకు 'స్లాషర్' అని పేరు. ఈ చిత్రమున ఒక విశ్వవిద్యాలయపు విద్యార్థులు జానపద విజ్ఞానమును పాఠముగా చదువుచుందురు. వారి పాఠమందలి ఐతిహ్యముల ననుసరించియే హత్యలు జరుగును. తొలి దృశ్యమున వానరాత్రి ఒంటరిగా కారు నడపు పడుచును ఒక నత్తివాడు హెచ్చరింపబోవును. కారు వెనుకభాగమున ఎవరో కలరని అతడు చెప్పదలచిన మాట నోట రాదు. ఆమె అతనికే భయపడి పారిపోవును. వెనుకనున్నవాని చేత హతమగును. గొల్లభామ వెనుకకు చూచి శిలయైనది. ఈమె వెనుకకు చూడక చచ్చినది. నిషేధము తలక్రిందులైనను స్త్రీకి శిక్ష మాత్రము తప్పలేదు.

ఈ చిత్రమును గూర్చి విమర్శకులు అధికముగా ప్రతికూలముగనే పలికిరి. 1996 నాటి 'స్క్రీమ్' చిత్రమున కిది అనుకరణమనిరి. హంతకియని చివరకు తేలిన యువతి అన్ని హత్యల నొంటరిగా నెట్లు చేయగలదని ప్రశ్నించిరి. ప్రేక్షకులు మాత్రము విశేషముగా చూచిరి. తొలి దృశ్యము పలువురకు గుర్తుండిపోయినది. ఈ అభిప్రాయభేదమును రుచిభేదమని త్రోసివేయుట సులభము. కాని ఇందొక సూత్రము కలదు. తొలి దృశ్యము ఐతిహ్యము మాదిరిగ నున్నది: చీకటి, దారి, ఎవరో తెలియని వాడు. ముగింపు అట్లు కాదు. అచ్చట ప్రతి హత్యకును ఒక్క వ్యక్తి, ఆ వ్యక్తికి ఒక్క పగ. ఊరందఱిదైన భయము ఒక్కరి నేరమైనది. ఐతిహ్యమున నేరస్థుడు దొరకడు. దొరకకుండుటవలననే వాదము నిలుచును. నేరస్థురాలు దొరకిన క్షణమున వాదము చచ్చినది. 'ఇది నమ్మశక్యము కాదు' అను ప్రేక్షకుని మాట వట్టి తర్కదోషమును చూపుట కాదు. తన తీర్పును తన చేతినుండి లాగుకొనిరను ఫిర్యాదు.

తలుపు వ్రాతను ఆశ్రయించిన హిందీ చిత్రము 'స్త్రీ' 2018 ఆగస్టు 31న విడుదలయ్యెను. అమర్ కౌశిక్ దర్శకుడు. రచయితలు రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. అనువారు తెలుగువారు. కథ మధ్యప్రదేశమందలి చందేరీలో జరుగును. గోడలపై 'ఓ స్త్రీ, రేపు రా' అను అర్థము గల హిందీ వాక్యముండును. ఇందలి సంబోధనము కన్నడ రూపముకంటె తెలుగు రూపమునకు దగ్గఱ. ఏటేట ఉత్సవము జరుగు నాలుగు రాత్రులు ఆ స్త్రీ వచ్చి మగవారిని మాత్రమే గొనిపోవును. వారి వస్త్రములు మాత్రము మిగులును. ఆమె వెనుకనుండి పేరుపెట్టి పిలుచును. తిరిగి చూచినవానినే తాకును, తిరుగనివానిని ముట్టదు. మన కథాంశమే ఇచ్చట పురుషునిపై ప్రయోగింపబడినది. చీకటిపడకముందే ఇల్లు చేరుమని కుమారులకు హెచ్చరికలు, చీరకట్టి దాగు మగవారు, ఇంట ఒంటరిగా నుండుటకు జంకు భర్తలు: స్త్రీలకు నిత్యమైన నియమములన్నియు పురుషులకు నాలుగు దినముల నియమములైనవి.

ఈ చిత్రమునకు విస్తారమైన ఆదరము లభించినది; 2024 ఆగస్టు 15న రెండవభాగమును వచ్చినది. మొదటి చిత్రముపై వెలువడిన అభిప్రాయములలో మూడు తెగలు కానవచ్చును. భయమును హాస్యమును కలిపిన నేర్పును మెచ్చినవారు మొదటి తెగ. ఈ తాఱుమాఱునందు స్త్రీపక్షమైన వ్యంగ్యమును చూచినవారును, అదే సమయమున స్త్రీని మరల పిశాచిగనే చూపిరని ఆక్షేపించినవారును రెండవ తెగ. ముగింపు అర్థము కాలేదన్నవారు మూడవ తెగ. నాయిక పేరు చిత్రాంతము వఱకు తెలియదు. స్త్రీ జడను ఆమె తన జడకు చేర్చుకొని అదృశ్యమగును. ఆమె ఎవరను వాదము చిత్రము వెడలిన పిమ్మట చాలకాలము సాగినది. 'అర్బన్ లెజెండ్'లో అంతయు విప్పిచెప్పుట దోషమైనది. ఇందు విప్పకపోవుట కొందఱకు దోషమయ్యును చిత్రమును నిలిపినది. చిత్రశాలనుండి వెలికి వచ్చినవారు ఆ వాదముతో మరల ఐతిహ్యపు శ్రోతలైరి.

స్త్రీ ఎవరో చిత్రము చెప్పుచునే యున్నది. ఊరందఱు కోరిన వేశ్య. ఒక్కని ప్రేమించి పెండ్లాడినందున పెండ్లిరాత్రియే ఊరివారు ఆ దంపతులను చంపిరి. ఆమె కోరినది ప్రేమ, మర్యాద. మఱుసటి యేడు ఆమె వచ్చునప్పటికి ఊరిమొదట ఆమె విగ్రహము నిలిచియుండును. క్రింది వ్రాత మాఱి 'ఓ స్త్రీ, రక్షింపుము' అను అర్థము గల వాక్యమైయుండును. అది చదివి ఆమె మరలిపోవును. వాయిదా ప్రార్థనగా మాఱినది. ఈ ముగింపును కొందఱు నీతిబోధయని తేలిక చేసిరి. కోటప్పకొండ మెట్లెక్కినవానికి ఇది తెచ్చిపెట్టిన నీతివలె తోచదు. నింద మోసిన స్త్రీని దారిమొదట నిలిపి మ్రొక్కుట మన లోకమునకు ప్రాతవాడుకయే. పేరంటాండ్రు, గ్రామదేవతలు పలువురి కథలలో అన్యాయమరణము, పిదప భయము, పిదప పూజ, ఈ మూడును ఒకే క్రమమున వచ్చును.

ఐనను ఒక్క ప్రశ్న మిగులును. పూజ న్యాయమగునా? విగ్రహమెత్తిన ఊరు తాను చేసిన హత్యను ఒప్పుకొనినదా, లేక మ్రొక్కి మఱపించినదా? గుడి కట్టుట ఆనందవల్లికి జరిగినదానిని సరిదిద్దునా? పై రెండవ తెగ ప్రేక్షకుల ఆక్షేపణమునకు మూలమిదియే. ఈ ప్రశ్నను చిత్రము తీర్పకపోవుట దాని లోపము కాదు. స్థలకథయును దీనిని తీర్పలేదు. శిలయైనదనువాడును, లీనమైనదనువాడును ఉన్నంతకాలము ఆమె వ్యాజ్యము నడచుచునే యుండును. ఒక్క పాఠమే మిగిలిననాడు ఆమెకు గుడి యుండును గాని పక్షము వహించి మాటాడువాడుండడు.

కావున పరిశోధక విద్యార్థులు స్థలకథను సేకరించునప్పుడు వక్తతో కూడ శ్రోతల సంవాదమును లిఖింపవలెను. ఎవరు నవ్విరి, ఎవరు కాదనిరి, స్త్రీలేమనిరి, పిల్లలేమడిగిరి అనునవి పాఠములో భాగములే. చలనచిత్రములపై ప్రేక్షకుల మాటలను వట్టి మెప్పుగనో తెగడ్తగనో తలపక, ఐతిహ్యపు వాదమునకు నేటి పాఠాంతరములుగా చదువవలెను. శివరాత్రినాడు ప్రభలక్రింద గుమిగూడు జనములో ఈ రెండు సేకరణములు ఒక్క రాత్రియందే సాధ్యములు. గొల్లభామ ఏల వెనుదిరిగినదని అచ్చటివారి నడిగి, వచ్చిన సమాధానములను వచ్చినట్లు, చెప్పినవారి వయస్సుతోను వృత్తితోను వ్రాసికొనినచో, మన జానపద విజ్ఞానమునకు ఇంతవఱకు కొఱవడిన శ్రోతృచరిత్రకు మొదటి అధ్యాయము సిద్ధమగును.